రక్తవ్యాధి ఉన్నవారిలో సైనస్‌ జబ్బు: రోగులపై జరిగిన అధ్యయనాలను చదవడం ఎలా?

పరిచయం

రక్తకణాలు ఎముక మజ్జలో ఎలా తయారవుతాయో, ఏ కణం ఏ పని చేస్తుందో మీరు ఇంతకు ముందు చదువుకున్నారు. ఈ పాఠంలో ఆ జ్ఞానాన్ని ఒక ఆసుపత్రి సమస్యకు అన్వయిస్తాం. ల్యుకేమియా, అప్లాస్టిక్‌ రక్తహీనత, తలసేమియా లాంటి రక్తవ్యాధులు ఉన్నవారికి సైనస్‌ జబ్బు వస్తే అది మామూలు రొంపలా ఎందుకు ఉండదు? ఈ సంగతి వైద్యులకు ఎలా తెలిసింది? వారు చేసిన అధ్యయనాల్లో వేటిని ఎంతవరకు నమ్మవచ్చు? పాఠం చదివాక ఈ మూడు ప్రశ్నలకూ మీరు సొంత మాటల్లో జవాబు చెప్పగలగాలి. మూడోదే కష్టం. అందుకే ఎక్కువ పుటలు దానికే కేటాయించాం.

ముందుగా ఒక ఊహాత్మక సందర్భం తీసుకుందాం. కోనసీమలోని ఒక పల్లెలో 24 ఏళ్ల యువకుడికి తీవ్ర ల్యుకేమియా అని తేలింది. నగరంలో కీమోథెరపీ మొదటి విడత పూర్తి చేసుకుని ఇంటికి వచ్చాడు. పది రోజులకు కొద్దిగా జ్వరం వచ్చింది, ఒక పక్క ముక్కు దిబ్బడ వేసింది, చెంప మొద్దుబారినట్టు అనిపించింది. చీము లేదు, వాపు లేదు. ఇంట్లోవాళ్లు ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకువెళ్లి, "రొంపేనండీ, ఆవిరి పడుతున్నాం" అన్నారు. ముక్కులోంచి చీము రావడం లేదు కాబట్టి ఆయన కూడా భయం లేదన్నాడు. ఇక్కడ ఊరట కలిగించిన విషయమే అసలు ప్రమాద సూచన. ఎందుకో తెలియాలంటే ముందు ముక్కు నిర్మాణం, తరువాత రక్తంలో ఒక సంఖ్య చూడాలి.

ముక్కు చుట్టూ ఉన్న గాలి గదులు

ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులు ఉంటాయి. చెంప ఎముకలో ఉన్నది మాగ్జిలరీ సైనస్‌, నుదుటి ఎముకలోది ఫ్రాంటల్‌ సైనస్‌. రెండు కళ్ల మధ్య తేనెపట్టు గదుల్లా ఉండేవి ఎత్మాయిడ్‌ సైనస్‌లు. వాటి వెనుక పుర్రె అడుగున ఉన్నది స్ఫినాయిడ్‌ సైనస్‌. అన్నిటికీ సన్నని ద్వారాలు ముక్కులోకే తెరుచుకుంటాయి. లోపలి పొర మీది సూక్ష్మ రోమాలు శ్లేష్మాన్ని నిరంతరం ఆ ద్వారాల వైపు నెడుతుంటాయి. ద్వారం మూసుకుపోతే శ్లేష్మం నిలిచి ఇన్ఫెక్షన్‌ వస్తుంది. మన పెద్దలు పీనస అని పిలిచినది ఇదే.

ఇరుగుపొరుగు అవయవాలను గుర్తుపెట్టుకోండి. ఎత్మాయిడ్‌ సైనస్‌కూ కంటి గూటికీ మధ్య ఉన్న ఎముక ఎంత పలచనంటే, శరీరశాస్త్రంలో దాని లాటిన్‌ పేరుకు అర్థమే కాగితపు పలక. ఆ గోడ దాటితే కన్ను, పైగోడ దాటితే మెదడు పొరలు. స్ఫినాయిడ్‌ సైనస్‌ పక్కనే కంటి కదలికల నాడులు, మెదడుకు వెళ్లే పెద్ద ధమని ఉన్న కావర్నస్‌ సిరా కుహరం ఉంటుంది. 1970లో చాండ్లర్‌, ఆయన సహచరులు సైనస్‌ నుంచి కంటికి పాకే ఉపద్రవాలను ఐదు తరగతులుగా విభజించారు. మొదటిది కనురెప్ప ప్రాంతపు వాపు, ఐదోది కావర్నస్‌ కుహరంలో రక్తం గడ్డకట్టడం. ఈ పాఠంలో "సంక్లిష్ట సైనస్‌ జబ్బు" అన్నప్పుడల్లా జబ్బు సైనస్‌ గోడ దాటి పక్క అవయవాలకు పాకిందనే అర్థం.

ఆరోగ్యవంతుల్లో ఆ గోడ దాటడం అరుదు. కాపలా కాసేది పలచని ఎముక ఒక్కటే కాదు, రక్తం కూడా.

ఒక సంఖ్య

తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్‌లు మొదటి వరుస సైనికులు. పెద్దవారిలో ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి సాధారణంగా 1500కు పైగా ఉంటాయి. 500 కంటే తగ్గితే తీవ్రమైన కొరత, 100 కంటే తగ్గితే అతి తీవ్రమైన కొరత అంటారు. చీము అంటే చాలావరకు చనిపోయిన న్యూట్రోఫిల్‌లే. ఇప్పుడు పై సందర్భం మళ్లీ చదవండి. యుద్ధానికి వెళ్లడానికి సైనికులే లేనప్పుడు చీము ఎక్కడి నుంచి వస్తుంది? వాపు, ఎరుపు, నొప్పి కూడా ఆ కణాల రాకతోనే ముడిపడి ఉన్నాయి. వాటి లేమిలో జబ్బు నిశ్శబ్దంగా లోపలికి వెళుతుంది.

కణాలు ఎందుకు తగ్గాయన్న ప్రశ్నకు జవాబు మన డెల్టాతోనే ముడిపడి ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, మద్రాసు మెడికల్‌ కాలేజీ మీదుగా 1922లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గురించి మీరు వినే ఉంటారు. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన కుటుంబాన్ని దెబ్బతీసింది. ఆ వ్యాధిలో ఫోలిక్‌ ఆమ్లం ఒంటికి పట్టదు, ఎముక మజ్జలో కణాలు సరిగా తయారుకావు, తీవ్ర రక్తహీనత వస్తుంది. లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం 1945 నాటికి ఫోలిక్‌ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే అమైనోప్టెరిన్‌ కూడా అక్కడి నుంచే వచ్చింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌ దాన్ని తీవ్ర ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో మెరుగుదల చూశానని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ మెరుగుదల తాత్కాలికమేనని వ్యాసం శీర్షికలోనే చెప్పాడు. ఆ నిజాయితీని గమనించండి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు మరణించారు.

ల్యుకేమియాకు వైద్యం ఉందన్న ఆశ అక్కడ మొదలైంది. ఈ పాఠపు సమస్య కూడా అక్కడే మొదలైంది. కణ విభజనను ఆపే మందు క్యాన్సర్‌ కణాన్నీ, మజ్జలోని మంచి కణాన్నీ వేరు చేసి చూడదు. ఫలితంగా చికిత్స తర్వాత రెండు మూడు వారాలపాటు న్యూట్రోఫిల్‌లు దాదాపు లేకుండా పోతాయి. గాలిలోని శిలీంధ్ర సిద్ధబీజాలకు అదే అదను. (సుబ్బారావు జ్ఞాపకార్థం 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసిస్‌ అని పేరు పెట్టారు. అది ఈ జబ్బులు కలిగించే రకం కాదు.)

ఎంత తగ్గితే ఎంత ప్రమాదం? దీన్ని లెక్కగట్టిన తొలి ప్రసిద్ధ అధ్యయనం 1966లో వచ్చింది. జెరాల్డ్‌ బోడీ, ఆయన సహచరులు అమెరికా జాతీయ క్యాన్సర్‌ సంస్థలో తీవ్ర ల్యుకేమియా ఉన్న 52 మంది రోగుల రక్తకణాల లెక్కలను వారికి వచ్చిన ఇన్ఫెక్షన్లతో పోల్చి చూశారు. రెండు విషయాలు తేలాయి. కణాలు తగ్గేకొద్దీ ఇన్ఫెక్షన్లు పెరిగాయి. ఆ కొరత ఎన్నాళ్లు కొనసాగింది అన్నది కూడా అంతే ముఖ్యమైంది. మూడు రోజులు 100 లోపు ఉండటం వేరు, మూడు వారాలు ఉండటం వేరు. ఖరీదైన పరికరాలేవీ లేకుండా, రోజూ తీసే రక్తపరీక్ష కాగితాలను క్రమంగా దాచి, వరుసలో పెట్టి చదివినందువల్ల వచ్చిన ఫలితమిది. నేటికీ ప్రపంచమంతటా క్యాన్సర్‌ వార్డుల్లో జ్వరం వచ్చిన రోగిని చూసే పద్ధతికి ఇదే పునాది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక రోగి నివేదికలో మొత్తం తెల్లకణాలు 1200, వాటిలో న్యూట్రోఫిల్‌లు 20 శాతం అని ఉంది. న్యూట్రోఫిల్‌ల అసలు సంఖ్య ఎంత? ఏ తరగతి కొరత? (జవాబు: 240, తీవ్రమైన కొరత. మొత్తం సంఖ్య చూసి ఆగిపోకూడదు. ల్యుకేమియాలో మొత్తం తెల్లకణాలు 50,000 ఉన్నా అందులో పనికొచ్చే న్యూట్రోఫిల్‌లు 300 మాత్రమే ఉండవచ్చు.)

శిలీంధ్రం లోపల చేసే పని

శిలీంధ్రాల సిద్ధబీజాలు లేని గాలి ఎక్కడా ఉండదు. సార్వా కోతల తర్వాత గడ్డివాముల దగ్గర, తడిసిన ధాన్యం దగ్గర, కుళ్లిన ఆకుల్లో, పాత ఇంటి గోడల్లో అవి పుష్కలం. మనమందరం రోజూ పీలుస్తూనే ఉంటాం. మనకు ఏమీ కాదు. 1997లో డిషాజో, ఆయన సహచరులు ప్రచురించిన సమీక్షలు శిలీంధ్ర సైనస్‌ జబ్బులన్నీ ఒకటి కావని స్పష్టం చేశాయి. సైనస్‌లో శిలీంధ్రం ఉండలా పేరుకోవచ్చు. అలర్జీ కలిగించవచ్చు. అవి కణజాలంలోకి చొచ్చుకుపోవు. చొచ్చుకుపోయే వాటిలో నెలల తరబడి సాగేవి కొన్ని. నాలుగు వారాల లోపే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రరకం ఒకటి. రక్తవ్యాధుల వార్డులో వైద్యులు భయపడేది ఈ చివరి రకానికి.

దాని పద్ధతి ఇది. శిలీంధ్ర తంతువులు రక్తనాళాల గోడల్లోకి దూరి లోపల పెరుగుతాయి. నాళంలో రక్తం గడ్డకడుతుంది. రక్తం అందని కణజాలం చచ్చిపోతుంది. ముందు పాలిపోతుంది, స్పర్శ పోతుంది, చివరికి నల్లబడుతుంది. 2021లో పత్రికలన్నీ "బ్లాక్‌ ఫంగస్‌" అన్నాయి గానీ ఆ శిలీంధ్రం నల్లనిది కాదు. నలుపు చచ్చిన కణజాలానిది. నలుపు కనిపించే దాకా ఆగడమంటే చాలా ఆలస్యమన్న మాట. చెంప మొద్దుబారడం, అంగిలి మీద పాలిపోయిన మచ్చ, ఒక పక్కే దిబ్బడ, తగ్గని జ్వరం, రెండుగా కనిపించడం లాంటివి ముందు వచ్చే గుర్తులు.

ముఖ్యంగా రెండు శిలీంధ్ర వర్గాలు ఈ పని చేస్తాయి. ఒకటి ఆస్పర్జిల్లస్‌. మన దేశంలో సైనస్‌లలో తరచు కనిపించేది ఆస్పర్జిల్లస్‌ ఫ్లేవస్‌ అనే జాతి. రెండోది రైజోపస్‌ మొదలైనవి ఉన్న మ్యూకరేలిస్‌ వర్గం. రొట్టె మీద పట్టే బూజును మీరు ప్రయోగశాలలో చూసి ఉంటారు, అది ఈ రెండో వర్గానిదే. చిన్న ముక్క కోసి పొటాషియం హైడ్రాక్సైడ్‌ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే తేడా తెలుస్తుంది. ఆస్పర్జిల్లస్‌ తంతువులు సన్నగా, అడ్డుగోడలతో, లఘుకోణంలో చీలుతాయి. మ్యూకరేలిస్‌ తంతువులు వెడల్పుగా, రిబ్బనులా, అడ్డుగోడలు దాదాపు లేకుండా, తరచు లంబకోణంలో చీలుతాయి. ఇది పరీక్షలో మార్కుల కోసం చెప్పే తేడా కాదు. ఆస్పర్జిల్లస్‌కు మొదటి మందైన వోరికోనజోల్‌ మ్యూకరేలిస్‌ మీద పనిచేయదు. దానికి ఆంఫోటెరిసిన్‌-బి కావాలి. పేరు తప్పితే మందు తప్పుతుంది.

సీటీ స్కాన్‌ తొలి రోజుల్లో ఒక పక్క పొర మందంగా ఉండటం తప్ప ఏమీ చూపకపోవచ్చు. ఎముక కొరుక్కుపోవడం ఆలస్యంగా కనిపిస్తుంది. అందుకే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఎండోస్కోపుతో లోపల చూసి, అనుమానం ఉన్న చోట ముక్క తీయాలి. అదంత తేలిక కాదు. ల్యుకేమియా రోగికి ప్లేట్‌లెట్లు కూడా తక్కువ ఉంటాయి, ముట్టుకుంటే రక్తం ఆగదు. శస్త్రచికిత్సకు సాధారణంగా కనీసం 50,000 ఉండాలని చూస్తారు. అవి 8,000 ఉన్న రోగికి ముందు ప్లేట్‌లెట్లు ఎక్కించాలి. రక్తనిధి నుంచి అవి వచ్చేలోగా గంటలు గడుస్తాయి. ఈ జబ్బులో గంటలకు కూడా విలువ ఉంది.

ఆలస్యం ఖరీదు ఎంత?

టెక్సస్‌లోని ఎం.డి.ఆండర్సన్‌ క్యాన్సర్‌ కేంద్రం నుంచి చామిలోస్‌ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనాన్ని చూద్దాం. రక్త క్యాన్సర్లతో పాటు మ్యూకరేలిస్‌ ఇన్ఫెక్షన్‌ వచ్చిన 70 మంది రోగుల రికార్డులను వారు వెనక్కి తిరిగి పరిశీలించారు. ఆంఫోటెరిసిన్‌ ఆధారిత చికిత్స 6 రోజులు, అంతకంటే ఎక్కువ ఆలస్యమైనవారిలో 12 వారాల లోపు మరణాలు 82.9 శాతం. ఆలస్యం కానివారిలో 48.6 శాతం.

ఈ సంఖ్యలు చూసి వెంటనే "ఆలస్యం చంపుతుంది" అని రాసుకోకండి. ఇది గత రికార్డుల అధ్యయనం. ఆలస్యంగా మందు అందినవారు మొదటి నుంచే వేరే రకం రోగులై ఉండవచ్చు. ఒకరి జబ్బు ముక్కులో ఉండి త్వరగా కనబడి ఉండవచ్చు, మరొకరిది ఊపిరితిత్తుల్లో ఉండి దొరక్కపోయి ఉండవచ్చు. కొందరి న్యూట్రోఫిల్‌లు కోలుకుని ఉండవచ్చు. ఇలా ఫలితాన్ని కలుషితం చేసే అంశాలను గణాంకశాస్త్రంలో గందరగోళ చలరాశులు అంటారు. పరిశోధకులు గణిత పద్ధతులతో వీటిని కొంతవరకు సరిచేస్తారు. పూర్తిగా కాదు.

అయితే లాటరీ వేసి సగం మందికి ఆరు రోజులు మందు ఆపి చూద్దామా? అది నేరం. అలాంటి చోట గత రికార్డులే దిక్కు. జబ్బు నడిచే తీరు మనకు తెలుసు, రక్తనాళం మూసుకుపోతే కణజాలం చావడానికి రోజులు పట్టదు. ఆ తీరుతో ఈ సంఖ్యలు సరిపోతున్నాయి కాబట్టి వీటిని నమ్మి నడుచుకోవడమే వివేకమని నా అభిప్రాయం. బలహీనమైన అధ్యయనం అంటే పనికిరానిది అని కాదు.

లాటరీ వేయగలిగిన చోట

రాకముందే ఆపగలమా అన్నది వేరే ప్రశ్న. దాని మీద యాదృచ్ఛిక ప్రయోగం చేయడం న్యాయమే. కార్నెలీ బృందం 2007లో ఒకటి ప్రచురించింది. తీవ్ర మైలాయిడ్‌ ల్యుకేమియాకు లేదా మైలోడిస్‌ప్లాసియాకు కీమోథెరపీ పొంది న్యూట్రోఫిల్‌లు పడిపోయిన 602 మందిని రెండు సమూహాలుగా చేశారు. 304 మందికి పోసకోనజోల్‌, 298 మందికి అప్పటికే వాడుకలో ఉన్న ఫ్లూకోనజోల్‌ లేదా ఇట్రాకోనజోల్‌ ఇచ్చారు. మొదటి సమూహంలో 7 మందికి, రెండోదానిలో 25 మందికి శిలీంధ్ర వ్యాధి వచ్చింది. అంటే 2 శాతం, 8 శాతం. సైనస్‌ ఒక్కటే కాదు, ఊపిరితిత్తులతో సహా అన్ని చోట్ల వచ్చినవి ఈ లెక్కలో ఉన్నాయి.

ఇలాంటి ఫలితాన్ని రెండు రకాలుగా చెప్పవచ్చు. "ప్రమాదం నాలుగో వంతుకు తగ్గింది" అంటే గొప్పగా వినిపిస్తుంది. "వందమందిలో ఆరుగురికి రాకుండా ఆగింది" అంటే మామూలుగా వినిపిస్తుంది. రెండూ నిజమే. రెండో లెక్క నుంచే ఒకరికి జబ్బు తప్పించాలంటే సుమారు 16 మందికి మందు ఇవ్వాలని వస్తుంది. వైద్య వార్త చదివేటప్పుడు మొదటి రకం వాక్యం కనిపిస్తే రెండో లెక్క వేసి చూసుకోండి. మందుకు సంబంధించినవిగా భావించిన తీవ్ర దుష్ఫలితాలు పోసకోనజోల్‌ సమూహంలో 6 శాతం, రెండోదానిలో 2 శాతం ఉన్నాయన్నది కూడా అదే వ్యాసంలో ఉంది. పత్రికలు దీన్ని తరచు వదిలేస్తాయి.

"వ్యాధి వచ్చింది" అని ఎవరు, ఎలా తేల్చారన్నది అడగాల్సిన మరో ప్రశ్న. యూరప్‌, అమెరికా పరిశోధకులు కలిసి తయారుచేసిన ప్రమాణాల ప్రకారం ప్రతి కేసునూ నిరూపితం, సంభావ్యం, అవకాశం ఉన్నది అని మూడు మెట్లుగా చూస్తారు. కణజాలపు ముక్కలో శిలీంధ్రం కనిపిస్తేనే నిరూపితం. పై ప్రయోగంలో మొదటి రెండు మెట్లనే లెక్కించారు. ఏ మెట్టు దాకా లెక్కించారో చెప్పని అధ్యయనాలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు.

ఇనుము కథ

ఇప్పుడు ఒక చేదు ఉదాహరణ. తలసేమియా ఉన్న పిల్లలకు జీవితాంతం రక్తం ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి సంచిలో ఇనుము ఉంటుంది, శరీరానికి దాన్ని బయటకు పంపే దారి లేదు. గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని పట్టి బయటకు తెచ్చే మందుల్లో పాతది డిఫెరాక్సమిన్‌. ఈ మందు వాడుతున్నవారిలో, ముఖ్యంగా డయాలిసిస్‌ రోగుల్లో, మ్యూకరేలిస్‌ ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని వైద్యులు గమనించారు. కారణం విచిత్రం. శిలీంధ్రానికి పెరగడానికి ఇనుము కావాలి. డిఫెరాక్సమిన్‌ పట్టుకున్న ఇనుమును రైజోపస్‌ దాని దగ్గర నుంచి లాక్కోగలదు. రోగి కోసం ఇచ్చిన మందు శిలీంధ్రానికి అన్నం వడ్డించినట్టయింది.

డిఫెరసిరాక్స్‌ అనే కొత్త మందు పట్టుకున్న ఇనుమును మాత్రం ఈ శిలీంధ్రాలు తీసుకోలేవు. అయితే శిలీంధ్రాన్ని పస్తు పెట్టడానికే దీన్ని వాడితే? ఎలుకల్లో ప్రయత్నించారు, ఫలితం బాగుంది. ఆ ఆశతో స్పెల్‌బర్గ్‌ బృందం మనుషులపై యాదృచ్ఛిక ప్రయోగం చేసి 2012లో ప్రచురించింది. రోగులు 20 మంది. అందరికీ ఆంఫోటెరిసిన్‌ ఇచ్చి, 11 మందికి అదనంగా డిఫెరసిరాక్స్‌, 9 మందికి ప్లాసిబో ఇచ్చారు. 90 రోజులకు ప్లాసిబో సమూహంలో మరణాలు 22 శాతం. డిఫెరసిరాక్స్‌ సమూహంలో 82 శాతం.

మందే చంపిందా? అంత తేలిగ్గా చెప్పలేం. 20 మందినే లాటరీ వేస్తే రెండు సమూహాలు సమానంగా రావాలన్న హామీ లేదు. ఇక్కడ రాలేదు కూడా. క్యాన్సర్‌, న్యూట్రోఫిల్‌ల కొరత ఉన్నవారు డిఫెరసిరాక్స్‌ వైపే ఎక్కువ పడ్డారు. లాటరీ న్యాయమైనదే గానీ, తక్కువ మందిలో అది పక్షపాతం చూపినట్టే కనిపిస్తుంది. నాణేన్ని పదిసార్లు ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మ పడటం వింత కాదు కదా. అయినా ఈ ప్రయోగం ఆధారంగా ఎవరూ ఆ మందును ఈ జబ్బుకు సిఫారసు చేయలేరు. ఎలుకల్లో బతికించినది మనుషుల్లో బతికించలేదన్నంత వరకు దీని నుంచి తెలిసింది. తలసేమియాకు డిఫెరసిరాక్స్‌ వాడకం వేరే విషయం, దాని మీద ఈ ఫలితం ప్రభావం లేదు. ఈ తేడా గుర్తించక, ఇంట్లో ఎవరికైనా రాసిన మాత్రలు ఆపించకండి.

తలసేమియా పిల్లల ముఖాల్లో మరో మార్పు కూడా ఉంటుంది. సరిగా రక్తం ఎక్కించకపోతే మజ్జ అదుపు లేకుండా పెరిగి పై దవడ ఎముక ముందుకు ఉబ్బుతుంది, చెంపలోని గాలి గది ఏర్పడే చోటే మిగలదు. స్కాన్‌లో సైనస్‌ మూసుకుపోయినట్టు కనిపించినా అది ఇన్ఫెక్షన్‌ కాకపోవచ్చు. సికిల్‌ సెల్‌ వ్యాధిలోనూ ఇలాంటి చిక్కు ఉంది. రంపచోడవరం, చింతూరు వైపు ఏజెన్సీ గ్రామాల్లోని గిరిజనుల్లో కనిపించే వ్యాధి ఇది. కొడవలి ఆకారపు కణాలు కంటి గూటి ఎముకలో రక్తనాళాలను మూసేస్తే ఎముక చచ్చుబడి కన్ను వాస్తుంది. చూడటానికి సైనస్‌ నుంచి పాకిన ఇన్ఫెక్షన్‌లాగే ఉంటుంది. చికిత్స వేరు. రోగికి సికిల్‌ సెల్‌ ఉందన్న సంగతి కేస్‌షీటులో రాసి లేకపోతే వైద్యుడు పొరబడటం సహజం.

ఇక్కడి లెక్కలు, అక్కడి లెక్కలు

ఇంతవరకు చెప్పిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాలవి. అక్కడ మ్యూకరేలిస్‌ జబ్బుకు ప్రధాన భూమిక రక్త క్యాన్సర్లు. మన దేశంలో అలా కాదు. 2016 జనవరి నుంచి 2017 సెప్టెంబరు వరకు 12 భారతీయ ఆసుపత్రుల్లో నమోదైన 465 కేసుల అధ్యయనంలో నాలుగింట మూడు వంతుల మందికి మధుమేహం ఉంది. క్యాన్సర్‌ ఉన్నవారు పదింట ఒక వంతులోపే. జబ్బు ఎక్కువగా ముక్కు, కన్ను భాగాల్లోనే కనిపించింది. కాబట్టి అమెరికాలో ల్యుకేమియా రోగుల మీద వచ్చిన మరణాల శాతాన్ని ఏలూరులో మధుమేహ రోగికి అన్వయించకూడదు. మధుమేహ రోగిలో న్యూట్రోఫిల్‌లు సంఖ్యలో ఉంటాయి, పనిలో మందగిస్తాయి. చక్కెర అదుపులోకి తెస్తే పుంజుకుంటాయి. ల్యుకేమియా రోగిలో మజ్జ కోలుకునే దాకా వేచి ఉండాలి.

కొవిడ్‌ ఈ చిత్రాన్ని ఇంకా మార్చింది. 2020 సెప్టెంబరు–డిసెంబరు మధ్య దేశంలోని 16 ఆసుపత్రుల్లో చూసిన 287 మందిలో 187 మందికి కొవిడ్‌ వచ్చి ఉంది. రెండో ఉధృతిలో 2021 మే 20న కేంద్రం ఈ జబ్బును అంటువ్యాధుల చట్టం కింద నమోదు చేయాలని రాష్ట్రాలను కోరింది. ఆంధ్రప్రదేశ్‌ దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. హైదరాబాదులో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, మన వైపు కాకినాడ జీజీహెచ్‌ లాంటి బోధనాసుపత్రులు రోగులతో నిండాయి. లైపోసోమల్‌ ఆంఫోటెరిసిన్‌ ఇంజెక్షన్ల కోసం కుటుంబాలు ఊళ్లు తిరిగాయి. జూలై మధ్యకు దేశంలో నమోదైన కేసులు 45 వేలు దాటాయి. అధిక మోతాదు స్టెరాయిడ్లు, అదుపు తప్పిన చక్కెర ముఖ్య కారణాలుగా గుర్తించారు.

నమోదు తప్పనిసరి చేయడం వల్ల కేసుల సంఖ్య తెలిసింది. కానీ శాతం చెప్పాలంటే కింద భాజకం కావాలి. ఎంతమంది కొవిడ్‌ రోగుల్లో ఇన్ని కేసులు? ఎంతమంది ల్యుకేమియా రోగుల్లో? పెద్దాసుపత్రికి జబ్బు ముదిరినవారే వస్తారు కాబట్టి అక్కడి మరణాల శాతం ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది. పల్లెలో గుర్తించక ముందే చనిపోయినవారు ఏ పట్టికలోనూ ఉండరు. పైగా 2022 ఏప్రిల్‌ 4న ఉభయ గోదావరి జిల్లాలను విభజించారు. అంతకు ముందటి "తూర్పు గోదావరి" సంఖ్యను ఆ తర్వాతి "తూర్పు గోదావరి" సంఖ్యతో పోలిస్తే జబ్బు తగ్గినట్టు భ్రమ కలుగుతుంది. తగ్గింది జిల్లా.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఇవి కల్పిత సంఖ్యలు. "అ" ఆసుపత్రిలో శిలీంధ్ర సైనస్‌ జబ్బుతో 40 మంది చేరారు. వారిలో ల్యుకేమియా ఉన్నవారు 10 మంది, 5గురు చనిపోయారు. మధుమేహం ఉన్నవారు 30 మంది, 6గురు చనిపోయారు. "ఆ" ఆసుపత్రిలోనూ 40 మందే. ల్యుకేమియా ఉన్నవారు 30 మంది, 15 మంది చనిపోయారు. మధుమేహం ఉన్నవారు 10 మంది, ఇద్దరు చనిపోయారు. మొత్తం మరణాల శాతం రెండు ఆసుపత్రులకూ లెక్కించండి. తరువాత ల్యుకేమియా వారికి, మధుమేహం వారికి విడివిడిగా లెక్కించండి. "ఆ ఆసుపత్రిలో చికిత్స బాగోలేదు" అని ఒక పత్రిక రాస్తే, సంపాదకుడికి మీరు పది వాక్యాల్లో ఏమని ఉత్తరం రాస్తారు?